గనుల చదువు ఆడపిల్లకు తగునా?

(మన పిల్లల చదువులు)



ఈ నెల నాకు వచ్చిన జాబులలో ఒకటి మూడు దినములుగా నా బల్లమీదనే యున్నది. గోదావరి లోయలోని ఒక బొగ్గుపట్టణమునుండి ఒక తల్లి వ్రాసినది. ఆమె పేరును ఊరును చెప్పను. విషయమును మాత్రము చెప్పెదను. ఆమె కుమార్తె పదవ తరగతి ముగించి, పాలిటెక్నిక్కు ప్రవేశపరీక్ష వ్రాసి, మంచి స్థానము పొందినది. మైనింగు డిప్లొమాలో చేరెదనని పట్టుపట్టినది. తండ్రి 26 సంవత్సరములుగా భూగర్భ గనిలో పని చేయుచు, ఇప్పుడు సర్దారుగా నున్నాడు. ఆయన చెప్పిన మాట యొక్కటే: "బాయిలోనికి నేను దిగితిని, చాలును. నా బిడ్డ దిగరాదు." పిల్ల ఏడువలేదు, అన్నము మానలేదు. తండ్రి పని ముగించి వచ్చినప్పుడెల్ల ఆయన టోపీని తడిగుడ్డతో తుడిచి వంకెకు తగిలించి పోవుచున్నదట.

"అక్కయ్యగారూ, ఇద్దరి మాటయు నాకు న్యాయముగనే తోచుచున్నది. ప్రవేశమునకు ఇంక పది దినములే గడువు. నేను ఎవరి ప్రక్క నిలువవలెను?" అని ఆ తల్లి అడిగినది.

ఆమెకు బదులు చెప్పుటకు ముందు నేనొక తప్పు ఒప్పుకొనవలసియున్నది. 2016లో నా మేనకోడలును ఇదే చదువు కోరినది. ఇంటిలో అందఱును నా వైపు చూచిరి. చదువుల సంగతి నాకు తెలియునని వారి నమ్మకము. "స్త్రీ గనిలోనికి దిగరాదని చట్టమే యున్నది. చేయరాని పనికి చదువెందుకు?" అంటిని. ఆ మాటతో చర్చ ముగిసినది. పిల్ల వేఱొక శాఖలో చేరినది.

నేను చెప్పినది అబద్ధము కాదు, సగము నిజము. ఆనాటి నిషేధము నేలలోపలి పనికే గాని, పగటివేళ ఉపరితల గనులలో పనికి లేదు. కొలతలకు, పటములకు, గాలి లెక్కలకు, పరిశోధనకు లేదు. ఆ మిగిలిన సగమును నేను కనుగొనలేదు; కనుగొనవలెనని ప్రయత్నింపనైనను లేదు. మూడేండ్లకు చట్టమే మాఱినది. 2021లో ఒక యువతి గనిటోపీ ధరించిన చిత్రము పత్రికలలో పడగా, నా మేనకోడలు దానిని కత్తిరించి తన పుస్తకములో దాచుకొన్నది. నన్ను ఒక్క మాట అనలేదు. అనియుండిన నాకు కొంత తేలికగా నుండెడిది.

కావున ఈ మాఱు సగము చెప్పి విడువను.

ఆడదానికి గనితో ఏమి సంబంధమని అడుగువారున్నారు. భద్రాచలము పోవు యాత్రికులు ఇల్లందు ప్రాంతమున దిగి, అచ్చటి నల్లరాళ్ళు మూడు పేర్చి పొయ్యి వెలిగింపగా, కట్టెలతోపాటు రాళ్ళును అంటుకొనెనని ఆ సీమలో చెప్పుకొందురు. ఆ కథ ప్రకారము సింగరేణి బొగ్గు మొదట కనబడినది వంటపొయ్యిలోనే. 1871లో భూగర్భ సర్వే శాఖవారైన డాక్టరు విలియం కింగు అచ్చట బొగ్గున్నదని నిర్ధారించెను. 1889లో బొగ్గు తీయుట ఆరంభమైనది. ఇల్లందును పెద్దలు నేటికిని బొగ్గుట్ట యందురు.

కథ యటుండనిండు, చరిత్రను చూడుడు. ఉత్తరదేశమున రాణీగంజి, ఝరియా గనులలో ఒకప్పుడు వేలకొలది స్త్రీలు నేలక్రింద పని చేసిరి. భర్త బొగ్గు కొట్టును. భార్య తట్టకెత్తి మోసికొని పోవును. వారి కూలి మగవారి కూలికంటె తక్కువ. వారిలో మిక్కిలిమందికి అక్షరము రాదు. గాలిలో విషమున్నదో లేదో చూపు దీపము వారి చేతిలో లేదు. 1929లో వచ్చిన నియమములతో వారిని క్రమముగా తొలగింప మొదలిడి, 1937 నాటికి పూర్తిగా నిషేధించిరి. వారి క్షేమమునకే యనిరి. కాని పోయిన కూలికి బదులు చూపినవారు తక్కువ. యుద్ధకాలమున బొగ్గు చాలక 1943లో నిషేధమును ఎత్తివేసి, అక్కఱ తీరిన పిమ్మట 1946లో మఱల విధించిరి. 1952 నాటి గనుల చట్టము 46వ విభాగమున ఆ నిషేధమును స్థిరపఱచినది. తట్ట మోసినన్నినాళ్ళు స్త్రీకి చదువు లేదు. చదువు వచ్చిన కాలమునకు ద్వారము లేదు.

ఆ ద్వారమును మొదట తట్టినవారిలో నాగపూరునకు చెందిన చంద్రాణీ ప్రసాద్ వర్మ యొకతె. మైనింగు ఇంజనీరింగు చదువులో ప్రవేశమునకై ఆమె న్యాయస్థానమునకు పోవలసివచ్చెను. 1999లో పట్టము పొంది, మన దేశమున తొలి మహిళా మైనింగు ఇంజనీరుగా పేరొందినది. తరువాత గనుల పరిశోధనలో శాస్త్రవేత్తయైనది. 2019 జనవరి 29 నాటి కేంద్రప్రభుత్వ ప్రకటన నేలలోపలి గనులలో సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకు స్త్రీలను అనుమతించెను. ఉదయము 6 గంటలనుండి సాయంకాలము 7 గంటల లోపుగా, వారి వ్రాతపూర్వక సమ్మతితో, ముగ్గురికి తక్కువ కాని బృందముగా పంపవలెనని నియమము చేసెను. 2021లో ఝార్ఖండుకు చెందిన ఆకాంక్షా కుమారి, చురీ అను భూగర్భ బొగ్గుగనిలో చేరి, కోల్ ఇండియా సంస్థలో నేలక్రింద పని చేయు తొలి మహిళా మైనింగు ఇంజనీరైనది. నా మేనకోడలు దాచుకొన్న చిత్రము ఆమెదే. ఆ యేడే మన తెలంగాణ ఆడపడుచు రాసకట్ల సంధ్య రాజస్థానములోని జావర్ గనులలో మేనేజరు బాధ్యత వహించినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వృత్తిరక్షణ, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి, స్త్రీలు అన్ని సంస్థలలోను అన్ని విధములైన పనులకును అర్హులని చెప్పుచున్నది; రాత్రివేళ పనికి వారి సమ్మతియు, తగిన రక్షణయు ఉండవలెనన్నది.

ఇట్లు చట్టపు గడప తొలగినది. ఇక మిగిలినది ఇంటి గడప. దానిని దాటవలెనన్నను, దాటరాదన్నను, ఆ చదువేమిటో తల్లికి తెలిసియుండవలెను.

అమెరికాలో ఇంటికి దగ్గఱగా నుండు రెండేండ్ల కమ్యూనిటీ కాలేజీలలో ఇట్టి వృత్తివిద్యలు నేర్పుదురు. మన దేశమున ఆ పనిని ముఖ్యముగా పాలిటెక్నిక్కులు చేయుచున్నవి. పదవ తరగతి పిమ్మట పాలిసెట్ వ్రాసి చేరవచ్చును. డిప్లొమా 3 సంవత్సరములు. బొగ్గుసీమలో కొత్తగూడెము, బెల్లంపల్లి పాలిటెక్నిక్కులలో మైనింగు శాఖ కలదు. ఆపైన చదువగోరువారు ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు పట్టపు రెండవ సంవత్సరములో చేరవచ్చును. కొత్తగూడెములోని గనుల కళాశాల 2025లో డాక్టరు మన్మోహన్ సింగు భూవిజ్ఞాన విశ్వవిద్యాలయముగా మాఱినది.

మొదటి యేడు గణితము, భౌతిక రసాయనశాస్త్రములు, చిత్రలేఖనము చెప్పుదురు. పిమ్మట రాతిపొరల శాస్త్రము, భూమి కొలత, బొగ్గు తీయు పద్ధతులు, గాలి ప్రసారము, ప్రేలుడు పదార్థములు, యంత్రములు, గనుల చట్టములు. వినుటకు మగవారి వ్యవహారమువలె తోచును గాని, ఇందులో చాల భాగము మన యింటి జ్ఞానమునకు దూరము కాదు.

సంతలో కుండ కొనునప్పుడు మనము వ్రేలితో కొట్టి చూతుము. ఖంగుమన్నచో గట్టిది, బొదబొదమన్నచో పగులున్నది. గనిలో పనివారు అడుగు పెట్టుటకు ముందు సర్దారు కఱ్ఱతో పైకప్పును తట్టి ఆలకించును. గట్టి రాతి మ్రోత వేఱు. లోపల విడిపోయిన పొర డొల్ల మ్రోత వేఱు. డొల్లయైనచో రాతిని క్రిందికి దింపవలెను. లేదా ఆధారములు పెట్టి, ఇనుపకడ్డీలతో పైపొరలకు బిగింపవలెను. బొగ్గునంతయు ఒక్కసారిగా తీయక, నడుమ నడుమ స్తంభములుగా విడుతురు. ఎంత స్తంభము విడిచిన ఎంత బరువు మోయునో లెక్కకట్టుట ఈ చదువులో ఒక ముఖ్య భాగము.

గాలి సంగతి అంతకంటె ముఖ్యము. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించి ప్రాణములు పోగొట్టుకొన్నవారి వార్తలు చలికాలమున వినుచుందుము. ఆ ప్రాణహారి కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తమునకు ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించి అంటుకొనును. గనిలో నిప్పు రగిలినపుడు పుట్టునది ఇదే. బొగ్గుపొరలనుండి వెలువడు మీథేను మఱియొకటి. అది గాలిలో నూటికి 5 మొదలు 15 పాళ్ళ వఱకు ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వతో ప్రేలును. అందుచేత 1.25 పాళ్ళు దాటగనే అచ్చటి విద్యుత్తును నిలిపివేయవలెనని నియమము. 1815లో హంఫ్రీ డేవీ కనిపెట్టిన రక్షణదీపములో జ్వాలమీద తేలు లేతనీలి టోపీని చూచి మీథేను పాలును గుర్తించుట తరతరములుగా నేర్పుచున్న విద్య. ఇప్పుడు విద్యుత్ పరికరములును వచ్చినవి. పొయ్యిమంట రంగు చూచి గాలి చాలుచున్నదో లేదో చెప్పగల ఇల్లాలికి ఈ విద్య అందనిది కాదు.

భూమి కొలతను గూర్చి ఒక్క మాట. గనిపటము తప్పినచో ప్రాణములు పోవును. పాత పనులలో నిలిచిన నీరు ఎంత దూరమున నున్నదో పటమే చెప్పవలెను. అట్టి పనులకు 60 మీటర్ల లోపునకు పోవలెనన్న ప్రత్యేకానుమతి కావలెను; ముందుగా రంధ్రములు వేసి పరీక్షింపవలెను. 1975 డిసెంబరు 27న చస్నాలాలో నీరు విఱుచుకుపడి 370 మందికి పైగా మరణించిరి. 2003 జూనులో మన గోదావరిఖనిలోనే నీరు ఉఱికివచ్చి 17 మంది మరణించిరి. ఆ పట్టణములలోని తల్లులకు నేను చెప్పనక్కఱలేదు. రెండవ షిఫ్టు విడిచిన వేళ దాటియు మనిషి రానిచో గడపలో నిలుచుట ఎట్లుండునో వారికే తెలియును. ఆ సర్దారు 'వద్దు' అన్న మాటలో ఈ జ్ఞాపకములన్నియు ఉన్నవి. దానిని మొండితనమనరాదు.

మైనింగునకు చెల్లెలు వంటిది పెట్రోలియం విద్య. కోస్తాలో దీనికి డిప్లొమాలు కలవు, కాకినాడ జె.ఎన్.టి.యు.లోను, 2016లో విశాఖపట్టణమున ఆరంభమైన పెట్రోలియం, ఇంధన విద్యాసంస్థలోను పట్టపు చదువులు కలవు. నూనెబావి త్రవ్వునపుడు బోలుగొట్టముల గుండ ఒక చిక్కని బురదను లోనికి పంపుదురు. అది ములుకును చల్లార్చును, రాతిపొడిని పైకి తెచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా తన బరువుతో లోపలి గ్యాసును అణచియుంచును. బరువునకై ఆ బురదలో కలుపునది ముగ్గురాయి పొడి. కడప సీమలోని మంగంపేటలో ముగ్గురాతి గొప్ప నిక్షేపము కలదు. అది దేశదేశముల నూనెబావులకు పోవుచున్నది. బురద బరువు చాలనిచో లోపలి గ్యాసు పైకి త్రోయును. దాని మొదటి గుర్తు తొట్టిలో బురదమట్టము ఉన్నట్లుండి పెరుగుట. పొయ్యిమీది పాలు అంచునకు వచ్చుటకు ముందే కనిపెట్టి దింపవలెను గదా, ఇదియు నట్టిదే. కనిపెట్టుటలో ఆలస్యమైనచో బావి విరుచుకొనును. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో చెలరేగిన మంట మార్చి 15 వఱకు, రెండు నెలలకు పైగా, ఆఱలేదు. ఆ రాత్రులలో చాల దూరము వఱకు ఆకాశము ఎఱ్ఱగా నుండుట అచ్చటి పెద్దలకు జ్ఞాపకముండును.

చదువు ముగిసినంతనే పని చేతికి రాదు. మైనింగు డిప్లొమా పిమ్మట ఒక యేడు గనిలో అభ్యాసము చేయవలెను. పిమ్మట ధనబాదులోని గనుల రక్షణ డైరెక్టరు జనరలు కార్యాలయమువారి ఓవర్‌మన్ పరీక్ష నెగ్గవలెను. దానికి ప్రథమచికిత్స, గ్యాసు పరీక్షల యోగ్యతాపత్రములు కావలెను. ఓవర్‌మన్ అనగా ఒక షిఫ్టులో ఒక భాగమునకు బాధ్యుడు. సర్దారులు ఆయన క్రింద పని చేయుదురు. ఆ పిల్ల నెగ్గినచో తండ్రికంటె ఒక మెట్టు పైననే నిలుచును. ఈ మాట ఆయనకు కోపము తెప్పించునో, మీసము చాటున నవ్వు తెప్పించునో నేను చెప్పజాలను.

కష్టములను దాచి చెప్పుట నా పని కాదు. 1990 ప్రాంతమున సింగరేణిలో పనివారు లక్షకు మించియుండిరి; నేడు అందులో సగము కూడ లేరు. యంత్రములు వచ్చినవి, ఉపరితల గనులు పెరిగినవి. కావున ఉద్యోగము తథ్యమని చెప్పువారిని నమ్మకుడు. చేరుటకు ముందు తల్లులు స్వయముగా పోయి ఈ సంగతులు కనుగొనవలెను: ఆ డిప్లొమాకు సాంకేతిక విద్యామండలి గుర్తింపు కలదా? అభ్యాసమునకు పిల్లలను ఏ గనికి పంపుదురు? గత సంవత్సరము ఆడపిల్లలను పంపిరా? వసతిగృహమున్నదా? గనివద్ద స్త్రీలకు వేఱుగా మఱుగుదొడ్డి, దుస్తులు మార్చుకొను గది ఉన్నవా? బృందముగా పంపుదురా, ఒంటరిగానా? చివరి ప్రశ్న లడుగుటకు సిగ్గుపడకుడు. అడుగనిచోట ఏర్పాటు జరుగదు. పిల్ల కన్నును, ఊపిరిని వైద్యునకు చూపుట మంచిది. పనిలో చేరునపుడు వైద్యపరీక్ష తప్పదు.

పెండ్లి సంగతి కూడ కొందఱు అడుగుదురు. సముద్రములోని నూనెవేదికలపై 14 దినములు పని, 14 దినములు విశ్రాంతి అను పద్ధతి సామాన్యము. గనిపని షిఫ్టుపని. దీనికి ఒప్పుకొను ఇల్లు దొరకునా యని భయము. దాదులకును వైద్యులకును రాత్రిపని ఉన్నది. వారి యిండ్లు నడచుచునే యున్నవి. ఇంటిలోనివారు పని పంచుకొన్నచోట ఏ షిఫ్టైనను గడచును; పంచుకొననిచోట పగటి ఉద్యోగమును బరువే.

ఇక, చెల్లెలా, నీ ప్రశ్నకు వత్తును.

ఎవరి ప్రక్క నిలువవలెనని అడిగితివి. ఇద్దఱి నడుమ కూర్చుండుమని నా సలహా. నీ భర్త పనిని ఒక్కసారి తలచుకొనుము. షిఫ్టు మొదలగుటకు ముందే ఆయన లోనికి పోవును. కప్పును తట్టును, గాలిని పరీక్షించును. ప్రమాదమున్నచోట కంచె కట్టును. లేనిచోటికి మనుష్యులను పంపును. 26 ఏండ్లలో ఆయన భయమున్నదని గనినంతటిని మూసినది ఎన్నడును లేదు. పరీక్షించి, ఏది పనికివచ్చునో ఏది రాదో చెప్పుటయే ఆయన విద్య. కూతురి విషయములో మాత్రము పరీక్షింపకయే కంచె కట్టినాడు. ప్రేమచేతనే కట్టినాడు, అయినను పరీక్ష జరుగలేదు.

కనుక ఆయనను ఒప్పింపుమని చెప్పను, పరీక్షింపుమని అడుగుము. ఒక ఆదివారము తండ్రినీ బిడ్డనూ ఎదురెదురుగా కూర్చుండబెట్టి, తాను గనిలో చూచిన చెడ్డదినములన్నియు ఆమెకు చెప్పుమనుము. ఇంతవఱకు ఆయన అవి ఇంటిలో చెప్పియుండడు. అన్నియు విని పిల్ల వెనుకకు తగ్గినచో, ఆ నిర్ణయము ఆమెదే యగును. జీవితాంతము ఎవరినీ నిందింపదు. తగ్గనిచో, ఆమె ఏమి యెరిగి కోరుచున్నదో ఆయనకు తెలియును. పిమ్మట ఇద్దఱును కలిసి పాలిటెక్నిక్కునకు పోయి, నేను పైన వ్రాసిన ప్రశ్నలు అడుగవలెను. ఆ ప్రశ్నలకు వచ్చిన సమాధానములు సత్యములో, పైపై మాటలో తేల్చుటకు ఆయనకంటె తగినవారు లేరు.

అప్పటికిని ఆయన 'వద్దు' అన్నచో, నాకు మఱల వ్రాయుము. కాని గడువు ముగియుటకు ముందే వ్రాయుము. తొమ్మిదేండ్లకు పైగా ఆలస్యముగా తెలిసికొన్న ఒక మేనత్త అడుగుచున్న మాట యిది.

గనులలోగాని నూనెబావులవద్దగాని పని చేయు సోదరీమణులు మన పాఠకురాండ్రలో ఉన్నచో, తమ అనుభవములు వ్రాసి పంపుదురుగాక. ఏర్పాటులు బాగున్నచోట బాగున్నవని, లేనిచోట లేవని, ఉన్నదున్నట్లు వ్రాయవలెను. మన బిడ్డలు ఏ దారిని ఎన్నుకొన్నను సగము తెలిసి ఎన్నుకొనకుండుటకై వానిని ఈ శీర్షికలోనే ప్రకటింతును.